ఎర్రదారం కట్టినవి

ఆగస్టు 9, శనివారం

ఈ డైరీ నాది కాదు. మా ఆఫీసు బీరువాలో తొంభై రోజులు పడి ఉంది, దీనికోసం ఎవరూ రాలేదు. ఎవరో మహానుభావుడు మొదటి రెండు పేజీల్లో మంచి మంచి నిర్ణయాలు రాసుకుని, మూడో పేజీకి వచ్చేసరికి బస్సులో మరిచిపోయి దిగిపోయాడు. తెల్లవారకముందే లేవాలి. కోపం తగ్గించుకోవాలి. ఇంట్లోవాళ్లతో రోజూ అరగంట మాట్లాడాలి. ఆ రెండు పేజీలూ చింపేశాను.

ఇరవై ఆరేళ్లుగా బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరు నాది. గడువు దాటినవాటిని సిబ్బంది తీసుకోవచ్చని నిబంధన ఉంది కానీ, ఇంతవరకు ఒక్క గుండుసూది కూడా ఇంటికి తెచ్చుకోలేదు. ఇదే మొదటిది.

ఆవిడ వెళ్లి ఆరు రోజులైంది. వాళ్లక్కకి మోకాలు ఆపరేషన్, సాయానికి వెళ్లిందని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను. ఆపరేషన్ అయిన మాట నిజమే. ఎప్పుడైందని ఎవరూ అడగలేదు.

పెరట్లో మొక్కలు విరగకాశాయి. మనిషి లేదని వాటికేమీ పట్టినట్టు లేదు. నీళ్లు పోశాను. పోయకపోతే ఎండిపోతాయి, అంతకు మించి ఏమీ లేదు.

ఆగస్టు 10, ఆదివారం

పొద్దున బుట్ట పట్టుకుని పెరట్లోకి దిగాను. ఈ ఇంట్లోకి వచ్చిన పంతొమ్మిదేళ్లలో ఆ బుట్ట నా చేతికి వచ్చిన గుర్తు లేదు. టమాటా, వంగ, చిక్కుడు, దోస, గోడవారగా బీరతీగ, ఒక మూల మిరప. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుమ్మం దగ్గర నుంచి వరసగా కోసుకుంటూ పోయాను. గంటలో బుట్ట నిండింది. ఆకుల వాసన చేతులకి పట్టేసింది, సబ్బుకి పోలేదు.

కోస్తుంటే ఒక సంగతి కంటపడింది. కొన్ని కాయల తొడిమలకి ఎర్రదారం కట్టి ఉంది. ఆవిడ కుట్టుపెట్టెలోని దారమే. వెళ్లే రోజు సాయంత్రం ఆవిడ చాలాసేపు పెరట్లోనే ఉండిపోయింది. ఇందుకన్నమాట.

మా ఆఫీసులో కొత్తగా వచ్చిన వస్తువుకి తెల్లదారంతో చీటీ కడతాం. గడువు ముగియగానే ఆ దారం తీసేసి ఎర్రదారం కడతాం. ఎర్రదారం ఉందంటే ఇంక అట్టేపెట్టొద్దు, ముందు వీటిని వదిలించుకో అని. ఆవిడకి ఇది బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చీటీలు కట్టిపెట్టేది.

అంటే, గడప దాటుతూ కూడా నాకు అర్థమయ్యే పద్ధతిలో చెప్పి వెళ్లింది. ముందు ఇవి తినండి, మిగతావి తర్వాత. అంత కోపంలోనూ నా తిండి సంగతి మరిచిపోలేదు.

కాసేపు అలాగే నిలబడిపోయాను. కళ్లు తుడుచుకున్నాను. ఎండ కూడా ఎక్కువగా ఉంది.

దారం కట్టిన టమాటాలు రెండు. రెండూ అక్కడే నిలబడి తినేశాను. ఎండకి వెచ్చగా ఉన్నాయి. రసం మోచేతిదాకా కారింది. ఇంత రుచిగా ఉంటాయని తెలియదు అని రాయబోయాను కానీ అది సరికాదు, ఏటా తింటూనే ఉన్నాను. పేపరు చదువుతూ తిన్నాను.

దారాలు పారేయబుద్ధి కాలేదు. వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించాను.

ఆగస్టు 11, సోమవారం

దారం కట్టిన వంకాయలు రెండూ వండాను. బాగా ముదిరిపోయాయి. గింజలు పళ్లసందుల్లో ఇరుక్కున్నాయి. అయినా మిగల్చలేదు.

ఆగస్టు 13, బుధవారం

పక్కింటి పళ్ల డాక్టరు గోడ మీంచి తల పైకెత్తి పలకరించాడు.

"అన్నగారూ, వచ్చే నెల మొదటి వారంలో పని మొదలుపెట్టించనా? అప్పటికి మీ పంట కూడా అయిపోతుందిగా."

"చూద్దాం" అన్నాను.

"చూద్దామేంటండీ, మాటిచ్చేసి!" అని నవ్వుతూ కిందికి దిగిపోయాడు.

ఇచ్చిన మాట నిజమే. ఏప్రిల్‌లో ఇచ్చాను. ఆయన కారుకి నీడ లేదు. గోడ తీసేసి మా పెరట్లోకి షెడ్డు వేసుకుంటానని అడిగాడు. అంతకు ముందు వారమే నా దవడ పన్ను నొప్పి తెలియకుండా పీకాడు. వరండాలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "దానికేముంది డాక్టరుగారూ, వాడుకోండి, ఖాళీగా పడున్న స్థలమేగా" అన్నాను. ఆ క్షణంలో నాకు నేనే చాలా పెద్దమనిషిలా కనిపించాను. ఇంటికి వచ్చి ఆవిడకి చెబుదామనుకున్నాను. ఆవిడ నారు నాటుతోంది. నాటడం అయ్యాక చెబుదామనుకున్నాను. తర్వాత పందిరి వేస్తోంది. తర్వాత జూన్ వచ్చింది, జూలై వచ్చింది.

ఆగస్టు మొదటి ఆదివారం డాక్టరుగారి భార్యే గోడ మీంచి చెప్పేసింది. "వదినగారూ, ఈ పంటతో మీకు నీళ్లు మోసే చాకిరీ తప్పుతుంది. ఖాళీ స్థలమేగా వాడుకోమన్నారట అన్నయ్యగారు." పాపం, ఆమె మంచి మాటగానే చెప్పింది.

ఆవిడ అరవలేదు. చేతులు కడుక్కుని లోపలికి వచ్చి నా ముందు నిలబడింది.

"ఖాళీయా?" అంది.

నేను వివరంగా చెప్పాను. కాగితాల్లో ఆ భాగంలో కట్టడం ఏదీ చూపించలేదు, కట్టడం లేని చోటుని ఖాళీ స్థలం అంటారు, అది వాడుకలో ఉన్న మాటే అని. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇంకోలా చెప్పి ఉండవచ్చు.

ఆవిడ మళ్లీ పెరట్లోకి వెళ్లింది. వచ్చాక సంచీ సర్దుకుంది. ఆఖరి బస్సు కాదు, దాని ముందుది ఎక్కింది.

ఆగస్టు 14, గురువారం

దారం కట్టిన దోసకాయ. పసుప్పచ్చగా, నా ముంజేయంత. పులిసిపోయింది. ఉప్పు చల్లుకుని తిన్నాను.

ఆగస్టు 16, శనివారం

కోసినవి కోసినట్టే పేరుకుపోతున్నాయి. ఒక్క మనిషి ఎంతని తింటాడు. దారం లేనివి రెండు సంచులు ఆఫీసుకి పట్టుకెళ్లాను. మా సెక్షన్లో గొడుగులు చూసే ఆమెకి ఒకటి ఇచ్చాను. వానాకాలంలో ఆమె పని మా అందరి పని కలిపినదానికంటే ఎక్కువ. ఆమెని అందరూ గొడుగులామె అనే పిలుస్తారు, ఆమె కూడా పలుకుతుంది.

సంచీలో చెయ్యి పెట్టి చూసి, "అబ్బ, ఎంత లేతగా ఉన్నాయో! మేడమ్ చేతి చలవ సార్. మేడమ్ లేరా ఇంట్లో, ఇన్ని తెచ్చారు?" అంది.

"వాళ్లక్క దగ్గరికి వెళ్లింది. మోకాలు ఆపరేషన్."

"అది మార్చిలో కదా సార్ అయింది? మీరు సెలవు పెట్టి వెళ్లారు, గుర్తుంది నాకు."

ఈమెకి ఎవరి గొడుగు ఏ బస్సులో దొరికిందో మూడేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది. నేను మరిచిపోయాను.

"ఇది రెండో మోకాలు" అన్నాను.

"పాపం" అంది.

ఆగస్టు 17, ఆదివారం

ఫోన్ చేశాను. వాళ్లక్క, అంటే మా వదిన, ఎత్తింది. ఆవిడని పిలవమంటే, "మేడ మీద ఉంది మరిదీ. మట్టి తెప్పించి కుండీలు నింపుతోంది. పదహారు కుండీలు కొనిపించింది నాచేత. నా మోకాలు చూసి అయినా జాలిపడవే అంటే వినదు" అంది.

"కాలక్షేపం కావాలి కదా" అన్నాను.

"కాలక్షేపమా?" అని ఆగింది. "నీకు వంట చేతనవుతోందా?"

"భేషుగ్గా" అన్నాను.

కుండీలు మంచిదే. ఖాళీగా కూర్చునే మనిషి కాదు ఆవిడ. నాలుగు రోజులు పోతే కోపం చల్లారుతుంది.

ఆగస్టు 18, సోమవారం

దారం కట్టిన చిక్కుడు గుత్తి. తోలు ఎండిపోయి గలగలమంటోంది. ఒలిచి గింజలు ఉడకబెట్టాను. బాగున్నాయి. ఆవిడ ఎంచింది బాగుండకేం.

ఆగస్టు 19, మంగళవారం

దారం కట్టిన బీరకాయ మొదటిది. కత్తి దిగలేదు. రంపంలా కోయాల్సి వచ్చింది. అంతా పీచే. ఉప్పేసి గంటసేపు ఉడికించి, పీచు తీసి పక్కన పెట్టుకుంటూ తిన్నాను. పళ్లెంలో పీచు కుప్ప చూస్తే నవ్వొచ్చింది. ఆవిడ ఎదురుగా ఉంటే, ఒళ్లు తోముకునేదాన్ని వండుకు తిన్నాడీ మనిషి అని వాళ్లక్కకి ఫోన్ చేసి మరీ నవ్వేది.

ఇంకొకటి ఉంది. ఇన్ని బంగారంలాంటి లేతకాయలుండగా ఈ ముదురువాటినే ముందు తినమనడంలో ఆవిడ ఉద్దేశం ఏమిటో అర్థం కాలేదు. పాడైపోతాయని కాబోలు. ఆవిడ ఏదీ వృథా చేయదు.

ఆగస్టు 20, బుధవారం

రెండో బీరకాయ. దారం కట్టినవి ఇంతటితో అయిపోయాయి. మేకుకి ఎనిమిది దారాలు.

ఆగస్టు 24, ఆదివారం

ఈరోజు ఆవిడే ఫోన్ ఎత్తింది.

మూడు వారాల తర్వాత గొంతు వినడం. నేను ముందే రాసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకని పెరడు గురించి చెప్పాను. రోజూ నీళ్లు పోస్తున్నాను, చిక్కుడు బాగా వస్తోంది, బీరతీగ ఆకులు పండుబారాయి, కొత్త పిందెలు లేవు.

"ఊఁ" అంది. వింటోంది. అంతదాకా బాగానే ఉంది.

"నువ్వు దారం కట్టినవి అన్నీ తినేశాను" అన్నాను. ఆవిడ సంతోషిస్తుందనే అన్నాను. "నువ్వు చెప్పినట్టే, ముందు అవే కోశాను. ఒక్కటి కూడా పారేయలేదు."

ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"ఏం చేశారూ?"

"తిన్నాను. ఎర్రదారం కట్టావు కదా. ముందు ఖాళీ చెయ్యమని."

"ఎన్ని?"

"ఎనిమిది."

మెల్లగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"అవి విత్తనానికండీ. ఏటా కడతాను. ముదిరి ఎండేదాకా ఎవరూ కోయకుండా గుర్తు. ఏటా మీ కళ్ల ముందే కడతాను."

నేను వంటింటి తలుపు వైపు చూశాను.

"ఆ బీర మా అమ్మ ఇచ్చిన విత్తనం. పొట్లంలో మిగిలినవన్నీ ఈ ఏడు వేసేశాను. అక్కడెలాగూ షెడ్డు వస్తుంది కదా, ఇక్కడ అక్క మేడ మీద వేసుకుందామని కట్టాను. సరే. ఉంటాను."

పెట్టేసింది.

పదహారు కుండీలు.

ఆ దారాలు నాకోసం కాదు. నేను తినాలని కాదు. ఆవిడ ఇంక ఇక్కడికి రాకుండా వేరేచోట నాటుకోవడానికి కట్టుకున్నవి. వాళ్లమ్మ విత్తనాన్ని నేను ఉప్పేసి ఉడికించి, పీచు ఏరుకుని తిన్నాను. పైగా మురిసిపోయాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను, ఉండనీ.

ఆగస్టు 25, సోమవారం

ఆఫీసుకి వెళ్లాను. వచ్చాను.

ఆగస్టు 26, మంగళవారం

వదిన ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మరిదీ, ఎనిమిది అన్నావట?"

"ఎనిమిదే వదినా. దారాలు ఉన్నాయి, లెక్క చూసుకోండి కావాలంటే."

"దారాలు నేనేం చేసుకోను! అది తొమ్మిది కట్టిందట. ఒక బీరకాయ ఇంకా ఉండాలంటోంది."

నేను కుర్చీలోంచి లేచాను. "ఎక్కడ?"

"అడిగాను. చెప్పనంటోంది. చెబితే అది కూడా తినేస్తాడు అంటోంది."

వదిన నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. నాకు నవ్వు రాలేదు, కానీ కోపం కూడా రాలేదు.

"వదినా, మీ రెండో మోకాలు ఎలా ఉంది?" అన్నాను.

"రెండోదానికేం, గుండ్రాయిలా ఉంది. ఎందుకూ?"

"ఊరికే."

ఆగస్టు 27, బుధవారం

వెతికాను. లేదు.

ఆగస్టు 28, గురువారం

లేదు. పందిరి కింద, పైన, గోడవార. లేదు.

ఆగస్టు 31, ఆదివారం

పద్ధతిగా వెతకాలని నిర్ణయించుకున్నాను. ఏదైనా కనపడకపోతే ఆఫీసులో అల్మరా మొత్తం వరస ప్రకారం దించి, ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతాం. ఈరోజు పెరటిని అలా చేశాను. పొద్దున టిఫిను కూడా లేకుండా మొదలుపెట్టాను, మధ్యాహ్నం దాటింది.

ఖాళీ స్థలంలో ఉన్నవి: టమాటా మొక్కలు పదకొండు, ఒక్కొక్కదానికీ ఒక కర్ర, చీర అంచు చింపి కట్టిన కట్లు. నా పాత నీలం చొక్కా చెయ్యి కూడా ఒక కట్టులో ఉంది. వంగ ఏడు. మిరప తొమ్మిది, వాటిలో రెండు మిగతావాటికంటే కారం, వాటికి ఒక పుల్ల గుచ్చి ఉంది. చిక్కుడు పాదులు నాలుగు. దోస మూడు. బీర ఒకటే, కానీ గోడ పొడవునా పాకింది. పాదుల మధ్య అడుగు పెట్టడానికి పరిచిన పాత గచ్చు ముక్కలు ఇరవై రెండు. నా అడుగు వాటిమీద సరిగ్గా పడటం లేదు, ఆవిడ అడుగు కొలతకి పరిచినవి. నీళ్ల తొట్టి. మూత లేని ప్రెషర్ కుక్కర్‌లో కరివేపాకు మొక్క. ఈ కుక్కర్ ఏమైందని నేను ఒకప్పుడు ఇల్లంతా వెతికి, ఆవిడ మీద కేకలేశాను. తేనెటీగలు, లెక్కపెట్టలేదు.

రెండున్నర పేజీలు వచ్చింది. తొమ్మిదో దారం మాత్రం లేదు.

ఆ కాగితాలు ముందు పెట్టుకుని టమాటా తింటూ కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఒకరి వస్తువు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. ఆనవాళ్లు అడగకుండా, సంతకం తీసుకోకుండా చేతిగుడ్డ కూడా ఇవ్వలేదు. మా అధికారులు అందరి ముందూ చెప్పే మాట ఇది. మరి పెరడు మొత్తం ఎవరిదని ఇచ్చాను?

సెప్టెంబరు 1, సోమవారం

ఆఫీసు నుంచి రాగానే గేటు దగ్గర డాక్టరుగారి భార్య ఎదురుచూస్తోంది.

"అన్నయ్యగారూ, ఆదివారం పనివాళ్లు వచ్చి గోడ పగలగొడతారట. గోడ మీంచి మీ తీగ మా వైపు దిగిందండీ. వదినగారు వెళ్లేముందు, ఆ కాయ ఎండేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దన్నారు. ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏ కాయ?"

సంచీ గేటు దగ్గరే వదిలేసి ఆమె వెనకే వెళ్లాను. పంతొమ్మిదేళ్లలో మా గోడ అవతలి వైపు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. అక్కడ ఉంది. గోడ కొసన, నీళ్ల గొట్టం పక్కన. నా మోచేతినుంచి వేళ్లదాకా ఉంటుంది. ఒకవైపు గోధుమరంగు తిరిగింది, ఇంకోవైపు ఇంకా పచ్చి. దారం ఎండకి వెలిసిపోయింది.

చెయ్యి చాపాను. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను.

డాక్టరు అప్పుడే క్లినిక్ నుంచి వచ్చాడు. ఇటుకలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి.

"డాక్టరుగారూ, షెడ్డుకి స్థలం ఇవ్వలేను" అన్నాను.

"అదేంటన్నగారూ! ఇటుకలు కూడా దింపించాను. మీరు మాటిచ్చారు కదా?"

"ఇచ్చాను. నాది కానిది ఇచ్చాను."

"కాగితాల్లో మీ పేరే ఉందిగా?"

"కాగితాల్లో ఉంది."

ఆయనకి అర్థం కాలేదు. మొహం మాడ్చుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఎండలో కారు పెట్టుకునే మనిషి. క్షమాపణ చెప్పాను. ఆయన భార్య మాత్రం, "పోనిద్దురూ, ముందువైపు గేటు పక్కన వేసుకుందాం, నేను మొదటినుంచీ అదేగా చెబుతున్నాను" అంది. ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరి మాటా వినడం లేదన్నమాట.

ఇకనుంచి పన్ను నొప్పి వస్తే బస్సెక్కి ఇంకెక్కడికైనా వెళ్లాలి.

సెప్టెంబరు 2, మంగళవారం

ఫోన్ చేశాను.

"తొమ్మిదోది దొరికింది. ముట్టుకోలేదు."

"ఎక్కడ?" అంది. నమ్మలేదు.

"డాక్టరుగారి వైపు, గోడ కొసన. నీళ్ల గొట్టం పక్కన. దారం రెండు చుట్లు తిప్పి కట్టావు."

కౌంటరు దగ్గర ఆనవాళ్లు చెప్పడానికి వచ్చినవాడిలా ఉన్నాను. ఇన్నాళ్లూ అవతలి వైపు కూర్చున్నాను.

"ఆ గోడ పగలగొడతారుగా."

"పగలగొట్టరు. షెడ్డు లేదు. ఇవ్వనన్నాను."

"ఆయనకి చెప్పారా, మనసులో అనుకున్నారా?"

"ఆయనకే చెప్పాను. ఆయన భార్య కూడా ఉంది, అడుగు."

"నేనెందుకు అడుగుతాను" అంది. తర్వాత, "ఎండనివ్వండి. కాయ ఊపితే గింజలు మోగాలి. నేనొచ్చి కోసుకుంటాను" అంది.

కోసుకుంటాను అంది. ఇంట్లో ఉంటాను అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మంచిది.

సెప్టెంబరు 5, శుక్రవారం

వాన. గొడుగు తీసుకుని గోడ అవతలికి వెళ్లి కాయకి పాలిథిన్ సంచీ తొడగబోయాను. "తడిస్తే ఏం కాదు, గాలాడకపోతే కుళ్లిపోతుంది అన్నయ్యగారూ" అని డాక్టరుగారి భార్య కిటికీలోంచి అరిచింది. తీసేశాను.

సెప్టెంబరు 9, మంగళవారం

అంతా గోధుమరంగు తిరిగింది. ఊపి చూడలేదు. తొడిమ ఊడితే?

సెప్టెంబరు 14, ఆదివారం

పదకొండు గంటలకి ఆవిడ వచ్చింది. ఇంట్లోకి రాలేదు, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్లింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చిక్కిపోయిందనిపించింది. నాకు అలా అనిపించాలని ఉందేమో కూడా.

మొక్కలన్నీ ఒకసారి చూసింది. టమాటా కట్టు ఒకటి వదులైతే బిగించింది. గచ్చు ముక్కల మీద చకచకా నడిచి గోడ దగ్గరికి వెళ్లి, స్టూలు వేసుకుని, అవతలికి వంగి కాయ అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నాకు అంత దూరానికీ వినిపించింది.

కోసి పట్టుకొచ్చి మెట్ల మీద కూర్చుంది. "పేపరు" అంది. ఇచ్చాను. "ఇవాళ్టిదా, చదవడం అయిందా?" అంది. అయిందన్నాను. కాలేదు.

కాయ కొస విరిచి తలకిందులుగా పట్టుకుని తట్టింది. నల్లటి గింజలు పేపరు మీద జలజలా రాలాయి.

"సంతకం పెట్టాలా ఎక్కడైనా?" అంది, నావైపు చూడకుండానే.

"ఆనవాళ్లు సరిపోయాయి. అక్కర్లేదు" అన్నాను.

మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికే అని పాతికేళ్ల అనుభవం మీద చెప్పగలను. కానీ ఈమధ్య నా అనుభవం మీద నాకు నమ్మకం తగ్గింది.

"తప్పయిపోయింది" అన్నాను. "విత్తనం తిన్నందుకు కాదు. అది తెలియక చేశాను. ఖాళీ అన్నాను చూడు, దానికి."

గింజలు ఏరుతూనే ఉంది. "పంతొమ్మిదేళ్లు ఇక్కడే ఉండి తెలియక అన్నది అదే కదండీ" అంది. "విత్తనానిదేముంది."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది.

గింజలు రెండు భాగాలు చేసింది. ఒకటి రుమాల్లో మూట కట్టి సంచీలో పెట్టుకుంది. రెండోది అగ్గిపెట్టెలో పోసి, మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చినప్పుడు కిటికీ మీద పెట్టింది. తలుపు వెనక మేకుకున్న దారాలు చూసింది. గిన్నె మూత తీసి నా చిక్కుడు కూర చూసింది, చెంచాతో కొంచెం నోట్లో వేసుకుంది.

"ఉప్పు ఎక్కువైంది" అంది.

"రెండు మొక్కలు చూసుకుని వెళ్తాను" అని పెరట్లోకి వెళ్లి, మూడున్నర బస్సుకి వెళ్లిపోయింది.

అగ్గిపెట్టెలో ముప్పై ఒక్క గింజలు. ఆవిడ మూటలో ఎన్ని ఉన్నాయో తెలియదు. ఎప్పుడు వేయాలో చెప్పలేదు, ఎవరు వేయాలో కూడా చెప్పలేదు. అడగలేదు. ఇల్లు చాలా పెద్దదిగా ఉంది.

సెప్టెంబరు 15, సోమవారం

పొద్దున కాఫీ కలుపుకుంటుంటే మేకు వైపు చూపు పోయింది. అలవాటు. ఏడు దారాలు.

మళ్లీ లెక్కపెట్టాను. ఏడే.

కింద పడిందేమోనని తలుపు వెనకంతా వెతికాను. పొయ్యి కింద వెతికాను. అప్పుడు తట్టింది. కాఫీ అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్లాను. గుమ్మం దగ్గర నుంచి వరసగా చూసుకుంటూ పోయాను. టమాటాల దగ్గర లేదు. మిరప దగ్గర లేదు. వంగ మొక్కల్లో అయిదోదానికి, ఆకుల చాటున, నిగనిగలాడే లేత కాయ. దాని తొడిమకి ఎర్రదారం. రెండు చుట్లు.

చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆఫీసుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

గొడుగులామె తలెత్తి గడియారం చూసింది, నన్ను చూసింది. "ఏం సార్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. లేత వంకాయ విత్తనానికి ముదరాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"నెల పైనే పడుతుంది సార్. ఎందుకూ?"

"ఊరికే."

రెండు గొడుగులకి చీటీలు కట్టింది. తర్వాత, "మేడమ్ వచ్చేశారా సార్? వాళ్లక్కగారి రెండో మోకాలు ఎలా ఉంది?" అంది.

"మెల్లగా నయమవుతోంది" అన్నాను. "నెల పైనే పడుతుంది."

సాయంత్రం వచ్చి వంగ మొక్కలకి నీళ్లు పోశాను. అయిదోదాని దగ్గరికి కత్తెర తీసుకెళ్లలేదు.